సరక్కువ ఇసుకలో సగ్గుబియ్యం

2023 మార్చిలో మేము శ్రీలంకకు వెళ్లింది గుళ్లూ తేయాకు తోటలూ చూడటానికే అయినా, విశాఖ సముద్రం ఒడ్డున పెరిగినవాణ్ని కనుక, నెగొంబోలో దిగిన మర్నాడు ఒక పూట సరక్కువ తీరానికి అని ముందే అనుకున్నాను. 2021 మే 20న ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే సరుకుల నౌక కొలంబో రేవు ముంగిట అంటుకుని, రోజుల తరబడి కాలి, జూన్ 2న మునగడం మొదలుపెట్టినప్పుడు, అందులోని సుమారు 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలు దట్టంగా మేటలు వేసిన తీరాల్లో ఇదొకటి.

చూడగానే ఏమీ కనిపించలేదు. శుభ్రమైన ఇసుక, కొబ్బరిచెట్లు. మోకాళ్ల మీద కూర్చుని పిడికెడు ఇసుక తీసి నీళ్ల సీసాలో వేసి కుదిపాను. ఇసుక అడుగున పేరుకుంది. తెల్లగా, గుండ్రంగా, అచ్చం సగ్గుబియ్యంలాంటివి పైకి తేలాయి. ఒకటి రెండు మాత్రం మంటకు మాడి గోధుమరంగు తిరిగాయి. ఈ గుళికల ప్లాస్టిక్, పాలిథిలిన్, నీటికన్నా తేలిక కనుక ఈ పరీక్షకు సీసా చాలు గాని, ఈ తీరమంతటినీ జల్లెడ పట్టడానికి ఎన్ని చేతులు కావాలి?

గుళిక తేలేది కనుకనే చేప దాన్ని చేపగుడ్డు అనుకుని మింగుతుంది. పైగా సముద్రపు నీటిలోని విషరసాయనాలు దాని ఒంటికి అంటుకుంటాయి. అరిగి రేణువులయ్యాక అది ఆల్చిప్పల దాకా పోతుంది: 2016లో వెలువడిన ఫ్రెంచి ప్రయోగంలో, రెండు నెలలు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ రేణువుల నీటిలో ఉంచిన ఆల్చిప్పలు 38 శాతం తక్కువ అండాలు ఇచ్చాయి. నౌక మునిగిన నెలలోనే ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాల లెక్క శ్రీలంక న్యాయస్థానం ముందుకు వచ్చింది: 176 తాబేళ్లు, 20 డాల్ఫిన్లు, 4 తిమింగలాలు. వాటిలో మంటకూ రసాయనాలకూ పోయినవెన్నో, గుళికలకు పోయినవెన్నో విడదీయడం తేలిక కాదు.

తిరుగుదారిలో నెగొంబో చేపల బజారు వెనుక, కొబ్బరిపీచు పట్టాల మీద చేపలు ఎండుతున్నాయి. పెద్దవాటి పొట్టలు చీల్చి శుభ్రం చేశారు. మన నెత్తళ్లలాంటి చిన్నవాటిని మాత్రం, మనలాగే, పొట్టతో సహా ఎండబెట్టారు. ఇంటికి ఒక కిలో కొందామన్న మా ఆవిడ, సీసా వైపు చూసి ఊరుకుంది.

గదికి వచ్చి నీళ్లు వడగడితే రుమాలులో పదకొండు గుళికలు మిగిలాయి. చెత్తబుట్ట దాకా రెండుసార్లు వెళ్లాను. ఆ చెత్త చివరికి ఎక్కడికి చేరుతుందో తోచక, మూటగట్టి విశాఖకు తెచ్చుకున్నాను.