రిమూవ్ కొట్టినా పూర్తిగా పోదు
నిన్న ఉబుంటు (విండోస్ బదులు వాడే లినక్స్) ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో డిస్క్ నిండిపోయిందని ఏవి తీసేద్దామా అని కూర్చున్నా. టెర్మినల్‌లో ఆప్ట్ రిమూవ్ అనే కమాండ్ కొడితే ప్రోగ్రామ్ పోతుంది గానీ ఈటీసీ అనే సిస్టమ్ ఫోల్డర్‌లో దాని సెట్టింగ్స్ ఫైళ్ళు అలాగే ఉండిపోతాయి, అద్దెకున్నోళ్ళు ఖాళీ చేసినా గోడకి మేకులు మిగిలినట్టు. ప్యాకేజీల లిస్టు చూపించే డీపీకేజీ మైనస్ ఎల్ కొడితే పక్కన ఆర్‌సీ (ప్రోగ్రామ్ పోయింది, సెట్టింగ్స్ మిగిలాయి అని) కనిపించేవి అవే. వాటికి సెట్టింగ్స్‌తో సహా తీసేసే ఆప్ట్ పర్జ్ వాడాలి, అయినా హోమ్ ఫోల్డర్‌లో ఉన్నవి అదీ ముట్టుకోదు, మనమే తుడుచుకోవాలి.

ప్రోగ్రామ్‌కి తోడుగా వచ్చి ఇప్పుడు అక్కర్లేని లైబ్రరీలు తీసేయడానికి ఆప్ట్ ఆటోరిమూవ్ ఉంది, కాకపోతే అది చూపించే లిస్టు చదవండి బాబూ, నేనోసారి చదవకుండా వై కొట్టేసి డెస్క్‌టాప్ మొత్తం పోగొట్టుకుని, నల్ల స్క్రీన్ మీదే లాగిన్ అయి మళ్ళీ ఎక్కించేసరికి రాత్రి రెండైంది. ఇంతకీ నిన్న ఎక్కువ జాగా ఇచ్చింది ఆప్ట్ క్లీన్, ఎప్పుడో ఆప్ట్-గెట్‌తో దింపిన డెబ్ ఫైళ్ళే (ప్రోగ్రామ్‌ల ఇన్‌స్టాల్ ఫైళ్ళు) 3 జీబీ!