ఒకే బాయి, రెండు మస్టర్లు

పేపర్లో ఇంకా అదే వార్త. సింగరేణి బొగ్గు కంపెనీకి 2023-24లో వచ్చిన 4,701 కోట్ల లాభంలో విస్తరణ పనులకు పక్కన పెట్టింది పోగా, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం కార్మికులకు పంచుతామని 2024 సెప్టెంబరు 20న ముఖ్యమంత్రి ప్రకటించారు కదా. మొత్తం 796 కోట్లు. మనిషికి సగటున లక్షా 90 వేలు. దాని కిందే ఇంకో ముక్క ఉంది: కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా తలా 5 వేలు.

మా బాపు కొట్టు ముందు కుర్చీలో కూర్చుని అదంతా పైకి చదివాడు. చదివి, పేపరు మడిచి, ఏమీ అనలేదు. నేను ఉప్మా రవ్వ తూకం వేస్తున్నా. రాత్రంతా వాన పడి గోదావరిఖని వీధులు నల్లటి బురదయ్యాయి. ఫస్ట్ షిఫ్టు బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాటిలో ఏది పర్మినెంటు బండో, ఏది కాంట్రాక్టు బండో ఇరవై ఏళ్లుగా ఈ కొట్లో కూర్చునే నాకు చూడగానే తెలిసిపోతుంది.

ఆ రెండు లెక్కలూ మా ఇంట్లోకే వస్తాయి. లక్షా తొంభై వేల లెక్క మా చిన్నబాపు కొడుకుది. ఐదు వేల లెక్క నా సొంత తమ్ముడిది.

బాపు, చిన్నబాపు ఇద్దరూ మంథని దిక్కు పల్లె నుంచి వచ్చి బాయిలో, అంటే బొగ్గు గనిలో, చేరారు. ఇద్దరూ కోల్ ఫిల్లర్లే. తట్టా చెమ్మస్ పని. అంటే పేల్చిన బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టలోకి ఎత్తి, తట్టను మోసుకుపోయి టబ్బులో పోయడం. షిఫ్టంతా అదే. బాపు వీపు మీద, మోచేతుల మీద నీలం గీతలున్నాయి. బొగ్గు పొడి లోపలే ఉండిపోయి చర్మం మూసుకుపోయిన గాయాలవి. చిన్నప్పుడు మేము వాటిని పచ్చబొట్లనుకునేవాళ్లం. చిన్నబాపుకు కూడా ఉన్నాయి. మా క్వార్టర్ల లైనులో ఏ ఇంటి మగమనిషి చొక్కా విప్పినా అవే గీతలు.

అప్పుడు ఈ ఊరు ఎట్లుండేదో రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. ఒక లైనులో నల్గొండ నుంచి వచ్చినవాళ్లు, వరంగల్ వాళ్లు, కోస్తా నుంచి వచ్చినవాళ్లు, మాలాంటి కరీంనగర్ పల్లెల వాళ్లు. కులం లేదని అనను, కులం ఉండేది. ఎవరింట్లో నీళ్లు తాగాలో, ఎవరింట్లో తాగకూడదో కొందరు అప్పుడూ చూసుకునేవాళ్లు. కానీ బాయి దిగాక పైకప్పు కూలితే అందరి మీదా కూలుతుంది. ప్రమాదం జరిగిందని తెలిస్తే ఏ బాయో, ఏ షిఫ్టో అడుక్కుంటూ లైనంతా రోడ్డు మీదికి వచ్చేది. శవాన్ని ఇంటికి తెచ్చేదాకా ఎవరింట్లోనూ పొయ్యి వెలిగేది కాదు. సమ్మెలైతే లెక్కే లేదు. 90ల మొదట్లో ఏడాదికి వందల సమ్మెలు జరిగాయి. ఒక్క మనిషికి మస్టర్, అంటే హాజరు, పడకపోయినా షిఫ్టు మొత్తం బయట కూర్చున్న రోజులున్నాయి.

తర్వాత కంపెనీ నష్టాల్లో పడి 1992లో ఒకసారి, 1996లో మరోసారి, నష్టాల కంపెనీల సంగతి తేల్చే బీఐఎఫ్ఆర్ దాకా పోయింది. ఢిల్లీలో సంస్కరణలు మొదలైన కాలం, హైదరాబాద్‌లోనూ అదే గాలి. ఖాయిలా పడిన కంపెనీ అనే మాట అప్పుడే మా వాడకట్టులోకి వచ్చింది. మా కళ్ల ముందే 1999లో రామగుండం ఎరువుల కర్మాగారం మూతపడింది. అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలు నాతో చదువుకున్నారు. ఏడాది తిరగకుండానే చాలా కుటుంబాలు ఊరు వదిలాయి. రేపు బాయిల గతి కూడా ఇంతేనని ప్రతి హోటల్లో అనుకునేవాళ్లు. ఆ భయంలో, ఉద్యోగం వదులుకుంటే డబ్బిచ్చే గోల్డెన్ హ్యాండ్‌షేక్ వచ్చింది. వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయి ఉన్నాయి. బాపు వీఆర్ఎస్ రాసిచ్చి, వచ్చిన డబ్బుతో ఈ కిరాణం పెట్టాడు. చిన్నబాపు రాయలేదు. ఆ రోజున ఇద్దరి దగ్గరున్న వివరాలు ఒక్కటే, ఇద్దరి భయమూ ఒక్కటే. ఎవరు తెలివిగా చేశారని ఇప్పుడు తేల్చేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది.

కంపెనీ మూతపడలేదు, లాభాల్లోకి వచ్చింది. 1990-91లో రెండు కోట్ల టన్నుల లోపు తవ్వేది, 2023-24లో ఏడు కోట్ల టన్నులు దాటింది. 90లో లక్షా 16 వేలున్న కార్మికులు మాత్రం 2024 నాటికి 40 వేల పైచిలుకు. లోపలి బాయిలు ఒక్కొక్కటిగా పోయి, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు, అంటే ఓసీపీలు వచ్చాయి. ఫైవింక్లైన్ బాయి ఉన్న చోట ఇప్పుడు ఓసీ-5. పై మట్టి తీసే పని ప్రైవేటు కంపెనీలది. బొగ్గు కన్నా మట్టే ఎన్నో రెట్లు ఎక్కువ తీయాలి కదా. ఆ మట్టి తీసే పనిలో ఎవరో ఒక సబ్ కాంట్రాక్టరు కింద వోల్వో లారీ తోలేవాడే మా తమ్ముడు.

తెలంగాణ వచ్చాక వారసత్వ ఉద్యోగాలు మళ్లీ ఇస్తామన్నారు, వాటిని కోర్టుల్లో కొట్టేశారు. తర్వాత కారుణ్య నియామకాల పేరుతో దారి దొరికింది. చిన్నబాపు మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు, కొడుకు బీటెక్ చదివి బదిలీ వర్కర్‌గా, అంటే డ్యూటీకి రానివాళ్ల బదులు పనిచేసే మనిషిగా, చేరాడు. వాడి బ్యాచ్‌లో ఎంబీఏలూ ఉన్నారట. చదువు వృథా అయిందని కొందరు ఎగతాళి చేస్తారు గానీ, ఈ ఊళ్లో ఆ ఉద్యోగం విలువేంటో మాకు తెలుసు. వాడికి ఉద్యోగం వచ్చిన రోజు మా ఇంట్లోనూ పండుగే. మా తమ్ముడే స్వీటు డబ్బాలు పట్టుకుని వాడకట్టంతా తిరిగాడు.

మధ్యాహ్నం బేరం తగ్గాక ఖాతా పుస్తకం ముందేసుకున్నా. బాపు రాసిన పాత పుస్తకాల్లో పేరు పక్కన బాయి ఉండేది: టూఏ, లెవెనింక్లైన్, సెవెన్ ఎల్ఈపీ. బాయి తెలిస్తే జీతం తెలుస్తుంది, జీతం తెలిస్తే అప్పు ఎంతదాకా ఇవ్వొచ్చో తెలుస్తుంది. ఇప్పుడు నా పుస్తకంలో పర్మినెంటు వాళ్ల పేర్లు దాదాపు లేవు. కొందరు కారులో పోయి సూపర్ మార్కెట్లో నెల సామాను ఒకేసారి తెచ్చుకుంటారు. చాలామంది పెళ్లాం పిల్లల్ని చదువుల కోసం కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో పెట్టి, క్వార్టర్లో ఒక్కరే వండుకుని తింటున్నారు. నా దగ్గరికి వచ్చేది కాంట్రాక్టు వాళ్లు. పావుకిలో నూనె, పది రూపాయల చాయ్‌పత్తి, ఏ రోజుకారోజు. పేరు పక్కన బాయి రాయడం కుదరదు, ఎందుకంటే టెండరు మారితే పనిచోటూ మారుతుంది, ఒక్కోసారి మొత్తం పనే పోతుంది. అందుకే ఫోన్ నంబరు రాసుకుంటున్నా.

ఒకే ఊరి బిడ్డలు, ఒకే ఓసీ గేటు, ఒకే దుమ్ము. మస్టర్లు మాత్రం రెండు. ఒకరికి కంపెనీ ఏరియా దవాఖాన, క్వార్టరు, లాభాల వాటా, యూనియన్ ఎన్నికల్లో ఓటు. 2023 డిసెంబరు 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో 39 వేల పైచిలుకు ఓటర్లున్నారు. పాతిక వేలకు పైగా ఉన్న కాంట్రాక్టు కార్మికుల్లో ఒక్కరూ ఆ ఓటర్లలో లేరు. కోల్ ఇండియాలో 2013 నుంచి అమలవుతున్న, కాంట్రాక్టు కార్మికుల కోసం నిర్ణయించిన హైపవర్ కమిటీ వేతనాలు ఇక్కడ అమలు కాలేదు. అవి అడుగుతూ 2022 సెప్టెంబరులో 18 రోజులు సమ్మె చేశారు. అప్పుడు మా తమ్ముడు రోజూ గేటు దగ్గర కూర్చుని వచ్చేవాడు. పర్మినెంటు వాళ్లు వాడి ముందు నుంచే డ్యూటీకి పోయేవాళ్లు. వాళ్లలో చిన్నబాపు కొడుకూ ఉన్నాడు.

2011 గుర్తొస్తే నాకు ఇదే మింగుడుపడదు. సకల జనుల సమ్మెలో ఇదే జనం 35 రోజులు బొగ్గు ఆపారు. రాజీవ్ రహదారి మీద వంటావార్పు జరిగిన రోజు బాపు మా కొట్లోంచి రెండు బస్తాల బియ్యం ఇచ్చాడు, డబ్బులు అడగలేదు. రోడ్డు మీద వరసగా కూర్చుని తిన్నవాళ్లలో ఎవరు పర్మినెంటు, ఎవరు కాంట్రాక్టు అని ఎవరూ అడగలేదు. రాష్ట్రం వచ్చింది. తెలంగాణ ఇంక్రిమెంటు పర్మినెంటు వాళ్ల జీతంలో కలిసింది. వాళ్లకు రావడం న్యాయమే, వాళ్లు జీతాలు వదులుకుని నిలబడ్డారు. కానీ ఆ బంతిలో పక్కన కూర్చుని తిన్నవాడి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పాలన మారడం ఊరంతా రంగులు చల్లుకుని చూశాం. ఊరు రెండు ముక్కలవడం మాత్రం టెండరు కాగితాల మీద, ఒక్కో పనిగా జరిగిపోయింది.

సాయంత్రం ఇద్దరు తమ్ముళ్లూ కొట్టు దగ్గర కలిశారు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన మావాడి కనురెప్పల మీద కూడా మట్టి. రెండోవాడు సెకండ్ షిఫ్టు సెలవు పెట్టుకుని, బతుకమ్మకు చీరలు కొనడానికి లక్ష్మీనగర్ పోతూ ఆగాడు.

"ఐదు వేలు ఎప్పుడిస్తరటనే అన్నా?" అన్నాడు వాడు. మామూలుగానే అడిగాడు.

"మా కాంట్రాక్టరు చేతుల నుంచైతే రావద్దు. బ్యాంకుల పడితే చాలు," అన్నాడు మావాడు.

బాపు అప్పటిదాకా వింటూ ఉన్నాడు. "అరేయ్, 2022ల నువ్వు డ్యూటీకి పోయినవా?" అని చిన్నబాపు కొడుకును నేరుగా అడిగాడు.

"పోయిన పెదబాపూ. బదిలీ వర్కర్‌ను, మస్టర్లు తక్కువైతే కష్టమైతదని..."

"నిన్ను తిడుతలేను బిడ్డా. మీ నాయిన, నేను ఒకే తట్ట కింద పనిచేసినం. ఒకనికి దెబ్బ తగిలితే ఇంకొకడు కూడా పైకొచ్చేటోడు. గంతే చెప్తున్న."

వాడు కాసేపు తల దించుకుని నిలబడ్డాడు. తర్వాత, వచ్చే వారం గేట్ మీటింగ్ ఉందనీ, యూనియన్ పిట్ సెక్రటరీని కాంట్రాక్టు వాళ్ల విషయం మాట్లాడమని అడుగుతాననీ అన్నాడు. నేను వదల్లేదు. అడగడం కాదు, నువ్వే మైకు తీసుకో అన్నా. సరే అక్కా అన్నాడు. బాపేమో, "నోటి మాట అయితే గాలికి పోతది, కాయితం మీద రాసియ్యి," అన్నాడు.

షట్టర్ దించాక కూర్చుని రాశా. ముందు చాలా రాసి, కొట్టేసి, మూడే ఉంచా. కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనాలు. వాళ్ల కుటుంబాలకు కూడా ఏరియా దవాఖానలో వైద్యం. లాభాల వాటా పర్మినెంటు వాళ్లకు ఇచ్చినట్టే వాళ్లకూ శాతం లెక్కన, తలా ఇంత అని కాదు. కింద మొదటి సంతకం బాపుది, మాజీ కోల్ ఫిల్లర్ అని రాసి పెట్టాడు. రేపు పొద్దున కొట్టు తీసే ముందే చిన్నబాపు ఇంటికి పోవాలి, రెండో సంతకం ఆయనతో పెట్టించాలి.