నలభై ఏడు శాతంలో నా వాటా ఎంత

"మీ దేశంలో ఎలా చేసేవాళ్లో గానీ, ఇక్కడ హబ్‌ని పదిహేను సెకన్లు రుద్దాలి" అంది ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఆవిడ, షిఫ్ట్ మొదట్లో, అందరి ముందూ. హబ్ అంటే మందులెక్కించే గొట్టం చివరి మూతి. ఇంతమంది నర్సులం నిలబడి ఉంటే చూపు నా మీదే. 2020 డిసెంబరు, టెక్సస్‌లో కోవిడ్ ఐసీయూ. మళ్లీ ఒక పేషెంటుకి సెంట్రల్ లైన్ నుంచి, అంటే పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం నుంచి, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకింది.

ఆ రోజుల్లో మా వార్డు ఎలా ఉండేదో చెప్తాను. గదిలోకి వెళ్లిన ప్రతిసారీ గౌను, ఎన్95 కావాలి, అవేమో కొరత. అందుకని మందులెక్కించే పంపులు కారిడార్‌లో పెట్టి, పొడవాటి ట్యూబులు తలుపు కింద నుంచి లోపలికి లాగాం. ఎన్ని అతుకులుంటే క్రిములకి అన్ని దారులు. పేషెంటుని పదహారు గంటలు బోర్లా పడుకోబెడితే మెడ దగ్గరి లైను మొహం కిందకి పోతుంది, లాలాజలానికి డ్రెస్సింగ్ అంచు లేచిపోతుంది. మార్చాలంటే నలుగురం కలిసి తిప్పాలి, ఆ నలుగురెక్కడ? ఊపిరి నిలబెట్టడానికిచ్చే స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని ఇంకోపక్క తగ్గించేస్తాయి.

తర్వాత సీడీసీ, అంటే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ, లెక్క చూశాను. ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన ఈ ఇన్ఫెక్షన్లు, 2019 చివరి మూడు నెలలతో పోలిస్తే 2020 చివరి మూడు నెలల్లో దేశం మొత్తమ్మీద 47 శాతం పెరిగాయట. అందులో నా గుంటూరు చేతుల వాటా ఎంతో ఆవిడే చెప్పాలి. మా ట్యూటర్ మేడమ్ గోళ్లు పెరిగితే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది, ఆ చేతులండీ ఇవి!

ఒకటి మాత్రం మెచ్చుకోవాలి, వీళ్లు దాచరు. ఏ ఆస్పత్రిలో ఎన్ని వచ్చాయో మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు, ఇలాంటివాటిలో బాగా వెనకబడ్డ పాతిక శాతం ఆస్పత్రులకి మామూలు రోజుల్లో మెడికేర్ చెల్లింపుల్లో 1 శాతం కోత కూడా. ఆవిడ టెన్షన్‌కి అదీ ఒక కారణమేమో, సరే. 2022కి వచ్చేసరికి ముందు ఏడాది కంటే 9 శాతం తగ్గాయి. పంపులు గదుల్లోకి వెళ్లాయి, మనుషులు దొరికారు. చేతులు కడుక్కోవడం మాకెవరూ కొత్తగా నేర్పలేదు.

మన దగ్గరా ఎయిమ్స్, ఐసీఎంఆర్ కలిసి కొన్ని ఆస్పత్రుల్లో ఈ లెక్కలు తీస్తున్నాయి. మీ దగ్గర తీస్తున్నారా అని మా ఊళ్లో పనిచేసే స్నేహితురాలిని అడిగితే నవ్వేసింది. "ముందు నైట్ డ్యూటీకి ఇంకో ఇద్దరు సిస్టర్లని ఇమ్మనవే, లెక్కలు అప్పుడు చూద్దాం" అంది.