కార్క్ మ్యాపూ, మామయ్యగారి గుండుసూదులూ

మా ఫ్రిజ్ తలుపు నిండా ఊళ్ళే, అన్నీ మ్యాగ్నెట్ బొమ్మలు. గోవా, హంపీ, గ్యాంగ్‌టక్, కాశీ. తలుపు కాస్త గట్టిగా వేస్తే కన్యాకుమారి ఊడి కింద పడేది. ఒకరోజు వివేకానంద రాక్ రెండు ముక్కలైంది. ఇక గోడకు మ్యాప్ పెట్టి, వెళ్ళిన ఊరికల్లా ఒక పిన్ను గుచ్చుదామని మా పదేళ్ళ వాడు పట్టుబట్టాడు.

రెడీమేడ్‌వి చూశాను. అన్నీ ప్రపంచ పటాలే, వాటిలో మన దేశం అరచేతిలో సగం కూడా లేదు. మేం తిరిగిందంతా దేశంలోనే. తిరుపతి, శ్రీకాళహస్తి ఒకే పిన్ను కింద ఉండిపోతే ఇంకెందుకు? ఇండియా ఒక్కటే చాలు, ఇంట్లోనే చేద్దాం అనుకున్నాను. రెండు ఆదివారాల పని అనుకున్నది ఆరు ఆదివారాలు పట్టింది.

స్టేషనరీ షాపుల్లో ఫ్రేము కట్టిన నోటీసు బోర్డులే తప్ప ఉత్త కార్క్ షీటు దొరకలేదు. ఎవరో చెబితే సికింద్రాబాద్‌లో మెషిన్ సామాన్లు అమ్మే రాణిగంజ్ వెళ్ళాను. షాపాయన తల ఎత్తకుండానే "గ్యాస్కెట్ ఏ సైజు మేడమ్?" అన్నాడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళంతా మెషిన్ల మూతల కింద నూనె కారకుండా వేసుకోవడానికే కొంటారట. మ్యాప్ కోసం అంటే ఒకసారి ఎగాదిగా చూశాడు. రబ్బరు కలిపిన కార్క్ టైరు వాసన కొడుతుంది, అది తీసుకోకండి. ఉత్తదే అడగండి. 3 అడుగులు పొడవు, 2 అడుగులు వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న షీట్లు రెండు తెచ్చాను. చుట్ట చుట్టి ఇచ్చాడు కాబట్టి ఇంటికొచ్చి పరిస్తే మళ్ళీ చుట్టుకుపోయింది. బియ్యం బస్తా కింద రెండు రాత్రులు పెడితే గానీ దారికి రాలేదు. అసలిది చెట్టు బెరడు. పోర్చుగల్ వైపు ఎక్కువగా పెరిగే ఒక రకం ఓక్ చెట్టుకు, చెట్టును కొట్టకుండా 9 ఏళ్ళకోసారి బెరడు మాత్రం వలుస్తారు. మా వాడికి ఇది చెబితే షీటును కాసేపు నిమిరి చూశాడు.

మూడు మిల్లీమీటర్లలో పిన్ను నిలబడదు. అందుకని ప్లైవుడ్ షాపులో సాఫ్ట్ బోర్డు ముక్క కోయించి, దానికి పాత నేవీ బ్లూ దుప్పటి బిగించాను. అదే సముద్రం.

పటం విషయంలో మాత్రం తొందరపడొద్దు. ఇంట్లో ఉన్న అట్లాసులో ఇంకా ఉమ్మడి ఆంధ్రప్రదేశే ఉంది. నెట్‌లో దొరికిన వాటిలో కశ్మీర్ దగ్గర చుక్కల గీతలు. చివరికి ప్రభుత్వం తరఫున పటాలు వేసే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ పటం తీసుకున్నాను, 2014 తెలంగాణ, 2019 లద్దాఖ్ అన్నీ ఉన్నది. ఉత్తరం నుంచి దక్షిణానికి దేశం 3,214 కిలోమీటర్లు. సెంటీమీటరుకు 40 కిలోమీటర్లు అనుకుంటే 80 సెంటీమీటర్లు, మా హాలు గోడకు సరిపోతుంది. ఏ3 కాగితాలు ఆరింటి మీద ప్రింటు తీయించాను. నాలుగు ఒక మెషిన్ మీద వచ్చాక ఇంకు అయిపోయిందని కుర్రాడు మిగతా రెండు పక్క మెషిన్ మీద తీశాడు. అక్కడ కాగితానికి తగ్గట్టు సైజు మార్చేసే 'ఫిట్ టు పేజ్' నొక్కి ఉంది. ఇంటికొచ్చి అతికిస్తే ఒడిశా సరిహద్దు ఒక కాగితం మీద ఆగిపోయి, పక్క కాగితం మీద వేలి మందం కింద నుంచి మొదలైంది. మళ్ళీ ఆరూ తీయించాల్సి వచ్చింది.

కార్బన్ పేపరు పెట్టి బాల్ పెన్నుతో గట్టిగా గీస్తే నీలం గీత సరిగా కనబడకపోయినా గాడి పడుతుంది. కట్టర్‌తో ఆ గాడి వెంటే పోవడమే. ఒకే దెబ్బకు కోయాలని చూస్తే కార్క్ రవ్వలు రవ్వలుగా రాలుతుంది. మెల్లగా మూడుసార్లు లాగాలి, మొన మొద్దుబారగానే బ్లేడు ముక్క విరిచేయాలి. గుజరాత్ తీరం ఒక పూట తిన్నది. సుందర్‌బన్స్ దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయి, అన్ని పాయలనూ కలిపి ఒకే వంకలో కోసేశాను. లక్షద్వీప్‌ను దుప్పటి మీద తెల్ల స్కెచ్ పెన్ చుక్కలతో సరిపెట్టాను.

ఇక సిలిగురి. పశ్చిమ బెంగాల్ పైన దేశం సన్నబడిపోయి, ఒకచోట 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నా లెక్కలో అర సెంటీమీటరు. జాగ్రత్తగానే కోశాను. షీటు ఎత్తి తిప్పబోతే అక్కడే పుటుక్కుమంది. అస్సాం, అరుణాచల్, మిగతావన్నీ కలిసి నా ఒళ్ళో పడ్డాయి. నిజానికి నా ప్లానే తప్పు. ఒక షీటు వెడల్పు 2 అడుగులే, అంటే 61 సెంటీమీటర్లు. దేశం అడ్డంగా 73 సెంటీమీటర్లు. రెండు షీట్ల అతుకు అస్సాం మధ్యలో పడింది, ఆ బరువంతా పీకలాంటి ఆ ముక్క మోయాలి. మళ్ళీ చేసేవాళ్ళు ఈశాన్యాన్ని మొదటే రెండో షీటులో విడిగా కోసుకుని, సిలిగురి దగ్గర ఆనించండి. నేనూ తర్వాత అదే చేశాను, అతుకు కనబడదు.

మొదట తెల్ల బంక రాశాను. తెల్లారేసరికి తమిళనాడు కొస అప్పడంలా లేచింది. నీళ్ళ జిగురు తాగితే కార్క్ ఉబ్బుతుంది. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే రబ్బరు బంక రెండు వైపులా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి అద్దితే కదలదు. సరిచేసుకుందామన్నా కదలదు. నికోబార్ కాస్త ఒరిగి అంటుకుంది. ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు.

పిన్నుల దగ్గర అసలు పంచాయితీ మొదలైంది. రాత్రి పడుకున్న ఊరికి ఎర్ర పిన్ను, దిగి చూసిన ఊరికి పచ్చ పిన్ను అని మా వాడు రూలు పెట్టాడు. మరి ఇటార్సీ ప్లాట్‌ఫామ్ మీద అర్ధరాత్రి టీ తాగాం కదా అని మా ఆయన. స్టేషను బయటికి రాకపోతే చెల్లదు నాన్నా అని వాడు. మా అత్తయ్యగారికేమో, పదకొండుసార్లు వెళ్ళిన తిరుపతికీ ఒక్కసారి వెళ్ళిన గోవాకూ ఒకే పిన్నా అని కోపం.

మామయ్యగారు ఏమీ అనలేదు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, ఆయన మాత్రం గార్డనే అంటారు. ముప్ఫై ఏళ్ళలో ఎక్కువ భాగం కాజీపేట, బల్లార్షా మధ్యే. రెండు చివరలా రైలు సిబ్బంది పడుకునే రన్నింగ్ రూముల్లో ఎన్ని రాత్రులు పడుకున్నారో లెక్కలేదు. వాడి రూలు ప్రకారం ఆయనకు రెండు ఎర్ర పిన్నులు.

"తాతయ్యా, మధ్యలో ఊళ్ళు చూశావా?"

"చూడకపోవడమేమిట్రా. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో గూడ్సును పక్కనుండే లూపు లైన్లో పడేస్తే మూడేసి గంటలు చూసేవాణ్ణి."

నేను స్కేలు పెట్టి చూశాను. కాజీపేట నుంచి బల్లార్షాకు పటం మీద అయిదు సెంటీమీటర్లు. పక్కనే నిలబడి ఆయనా చూశారు. "ఇంతేనా!" అని నవ్వారు. పిన్నుల తలలు లావు, ఆ అయిదు సెంటీమీటర్లలో పట్టవు. నా కుట్టుపెట్టెలోంచి గుండుసూదులు తెచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు, పటం వైపు కూడా చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలి చెబుతూ పోయారు. జమ్మికుంట. పెద్దపల్లి. రామగుండం. మంచిర్యాల. బెల్లంపల్లి. ఆసిఫాబాద్ రోడ్. కాగజ్‌నగర్. సిర్పూర్ టౌన్. మా వాడు ఒక్కొక్కటీ గుచ్చుతూ పోయాడు, రూలు సంగతి ఎత్తలేదు.

మర్నాడు పొద్దున కాఫీ కప్పుతో హాల్లోకొస్తే, బల్లార్షాకు కాస్త కింద ఇంకో గుండుసూది కనిపించింది.

"మాణిక్‌గఢ్ మరిచిపోయానమ్మా రాత్రి" అన్నారు మామయ్యగారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.