ఏడు నిమిషాల బొమ్మల కథ

కాగితపు బొమ్మలను కొద్దికొద్దిగా కదుపుతూ, ఒక్కో భంగిమనూ ఫొటో తీసి చేస్తున్న మా ఏడు నిమిషాల యానిమేషన్ చిత్రానికి చివరి షాటు నిన్న రాత్రి పూర్తయింది. తెరమీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడి చిత్రాలు, నడిచే చోట ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములపాటు నిలిపితే 12 భంగిమలు చాలు; ఆ లెక్కన చూసినా మొత్తం 5,040 ఫొటోలు తీయాలి. ఉద్యోగాలు ముగించుకుని వచ్చాక, రాత్రుల్లో, నేనూ మా చెల్లెలూ ఇద్దరమే ఆ పని చేశాం.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల భుజాలను, మోచేతులను దారపు ముడులతో కలిపే తీరు చూసిన తరువాతే, మందపాటి కాగితంతో కీళ్లున్న బొమ్మలు చేసుకోగలమన్న ధైర్యం మాకు కలిగింది. మా కథలోని అవ్వ దీపం వత్తిని వేలితో ఎగదోసే షాటు నాలుగు సెకన్లే, అంటే 48 ఫొటోలు. ముప్పైయో ఫొటో దగ్గర వోల్టేజీ పడిపోయి వెలుతురు మారడంతో పని మళ్లీ మొదటికొచ్చింది. మే నెల ఉక్కలో, కాగితాలు కదులుతాయని ఫ్యాను ఆపుకొని, అదే షాటును మూడుసార్లు తీశాం. మూడోసారి, ఆ వేలు వత్తిని తాకబోయే ముందు, మా చెల్లెలు దానిని రెండు ఫొటోలపాటు కదపకుండా ఉంచింది. ఆ చిన్న తటపటాయింపుతో కాగితపు ముక్క అవ్వ అయింది.

కూర్పుకు ఉచితంగా దొరికే బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను వాడాం. 2025లో ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం ‘ఫ్లో’ కూడా అందులోనే తయారైందని తెలిసినప్పుడు మాకు ఎంతో ఊరట కలిగింది. మిగిలిన డబ్బునంతా ధ్వనికే ఖర్చు చేశాం. బొమ్మలోని లోటును కన్ను మన్నించినా చెవి మన్నించదని నా గట్టి నమ్మకం. వత్తి చిటపటల కోసం నిజంగానే ప్రమిద వెలిగించి, వీధి సద్దుమణిగాక, రాత్రి రెండున్నరకు రికార్డు చేశాం.