గ్రూప్-2 మెయిన్స్ ముందు ఆరు నెలలు నేను ఎక్కడున్నానో చెప్తాను

2025 ఏప్రిల్‌లో వచ్చిన ఏపీ గ్రూప్-2 మెయిన్స్ లిస్టులో నా నంబర్ లేదు. పాసైనవాళ్లు ఏ పుస్తకం చదివారో, ఎన్ని రివిజన్లు చేశారో రాస్తుంటారు, అవి నేనూ చదువుతాను, ఉపయోగపడతాయి. నేను రాసేది వేరే విషయం, ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ ఆట నన్ను పట్టుకున్న సంగతి. ఒంగోలులో లైబ్రరీకి వెళ్లినప్పుడల్లా ఇద్దరు ముగ్గురైనా బల్ల కింద ఫోన్ అడ్డంగా పట్టుకుని కనిపిస్తారు. పీడీఎఫ్ చదివేవాడు ఫోన్ నిలువుగా పట్టుకుంటాడు. అడ్డంగా పట్టుకుని రెండు బొటనవేళ్లూ కదుపుతున్నాడంటే ఏం చేస్తున్నాడో నాకు దూరం నుంచే తెలుస్తుంది. 2024 జులై నుంచి ఆరు నెలలు నేనూ అలాగే కూర్చున్నాను.

మాది కొండపి దగ్గర ఊరు, పొగాకు వేస్తాం. డిగ్రీ అయ్యాక ఒంగోలులో రూం తీసుకున్నాను. డీఎస్సీకి చదివే ఇంకో అబ్బాయి, నేను, ఇద్దరం. 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ రాశాను, క్వాలిఫై అయ్యాను. మెయిన్స్ జులై 28 అన్నారు. ఆంధ్ర చరిత్ర, పాలిటీ, ఎకానమీ, సైన్స్ అండ్ టెక్నాలజీ, ఒక్కోటి 75 మార్కులు, రోజుకు పది గంటల ప్లాన్ వేసుకుని నిజంగానే చదివాను. జులైలో పరీక్ష వాయిదా పడింది. కొత్త డేట్ అప్పటికి లేదు. మొదటి రెండు రోజులు హాయిగా అనిపించింది, అబద్ధం చెప్పను. మూడో రోజు పుస్తకం తెరిస్తే ఎప్పటిలోగా పూర్తి చేయాలో తెలియక అదే పేజీ మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చున్నాను. డేట్ లేకుండా చదవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ వారమే మా పిన్ని కొడుకు కందుకూరు నుంచి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. "అన్నా, బుర్ర వేడెక్కింది నీకు, అరగంట ఆడు" అని తన ఫోన్ ఇచ్చాడు. ఆన్‌లైన్‌లో వేల మంది ఒకే లోకంలో తిరిగే రోల్ ప్లేయింగ్ గేమ్ అది, మనమే ఒక పాత్రగా మారి ఆడతాం. పేరు రాయను, రాస్తే ఇది చదివేవాళ్లలో ఒక్కరైనా డౌన్‌లోడ్ చేస్తారు. వాడు ఇప్పటికీ ఆడతాడు, గంట ఆడి ఆపేసి క్రికెట్‌కు పోతాడు. వాడిని పట్టుకోని ఆట నన్నెందుకు పట్టుకుందని చాలా రోజులు ఆలోచించాను.

క్రికెట్ గేమ్ ఇరవై ఓవర్లకు అయిపోతుంది. తుపాకుల ఆట అయితే అరగంటలో గెలుస్తాం, లేకపోతే చస్తాం, మ్యాచ్ ముగుస్తుంది. ఈ రకం ఆటకు ముగింపు అనేదే పెట్టలేదు. మనం నిద్రపోతున్నా ఆ లోకం నడుస్తూనే ఉంటుంది, అక్కడ సంత జరుగుతుంది, యుద్ధాలు జరుగుతాయి, మన తోటివాళ్లు లెవెల్ పెరిగిపోతుంటారు. ఇది ఈ మధ్య పుట్టింది కూడా కాదు. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాయి. ఎవర్‌క్వెస్ట్‌కు దాన్ని ఆడేవాళ్లే మత్తుమందు పేరు కలిపి ముద్దుపేరు పెట్టుకున్నారు. వార్‌క్రాఫ్ట్ గురించి ఒక సంగతి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. విడుదలకు ముందు టెస్టింగ్‌లో, ఎక్కువసేపు ఆడేవాళ్లకు వచ్చే పాయింట్లు కొంతసేపయ్యాక సగానికి పడిపోయేలా పెట్టారు, కాస్త ఆపి విశ్రాంతి తీసుకుంటారని. ఆడేవాళ్లు ఒప్పుకోలేదు, మమ్మల్ని శిక్షిస్తున్నారన్నారు. అప్పుడు లెక్క దాదాపు అలాగే ఉంచి పేరు తిప్పేశారు. ఆ సగమే మామూలు, విశ్రాంతి తీసుకుని వచ్చినవాడికి రెట్టింపు బోనస్ అన్నారు. అంతా సంతోషించారు. ఆట తయారుచేసేవాళ్లు మన మనసును ఇంత దగ్గరగా చదివి పెట్టుకున్నారు. మనం మాత్రం "కాసేపు ఆడి ఆపేస్తాలే" అనే ధైర్యంతో దిగుతాం.

నేను ఆడిన దాంట్లో సర్వర్‌కు రోజు మారేది మనకు తెల్లవారుజామున 5:30కి. అంతర్జాతీయ సమయం ప్రకారం వాళ్లకు అప్పుడు అర్ధరాత్రి. ఆ క్షణంలో రోజువారీ పనుల లిస్టు కొత్తగా వస్తుంది, పది చిన్న పనులు, చేస్తే బహుమతి, ఒక్కరోజు మానినా వరుస తెగిపోయి మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. నేను 5 గంటలకు అలారం పెట్టుకుని లేచేవాడిని. ప్రిలిమ్స్‌కు చదివేటప్పుడు కూడా అంత క్రమంగా లేవలేదు. మా రూమ్‌మేట్ దుప్పట్లోంచి తల బయటపెట్టి చూసి, వీడు లేచి చదువుతున్నాడు నేనింకా పడుకున్నానని వాడూ లేచి కూర్చునేవాడు.

ఒక రాత్రి వాడు డీఎస్సీ సైకాలజీ పైకి చదువుతున్నాడు. స్కిన్నర్, కార్యసాధక నిబంధనం, పునర్బలనం. ప్రతిసారీ బహుమతి ఇస్తే, ఇవ్వడం ఆపగానే ఆ పని కూడా తొందరగానే ఆగిపోతుంది, ఎన్నోసారి వస్తుందో తెలియకుండా ఇస్తే మాత్రం జంతువు ఆగకుండా మీట నొక్కుతూనే ఉంటుంది, అని చదివాడు. నేను అప్పుడు ఒకే రాక్షసుడిని నలభై ఎనిమిదోసారి చంపుతున్నాను. వాడు చచ్చినప్పుడు ఒక ఉంగరం పడొచ్చు, పడకపోవచ్చు. పాఠం చెవిన పడుతోంది, అర్థం కూడా అయింది, వేలు మాత్రం ఆగలేదు. విషయం తెలిస్తే చాలు, మానేస్తాం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ రాత్రి నాకు అంతా తెలుసు.

నన్ను ఉంగరాలకన్నా ఎక్కువ పట్టుకున్నది గిల్డ్. అంటే ఒక జట్టు, మాది ఇరవై మంది. ఎక్కువమంది ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వాళ్లు, మన దేశంవాళ్లం నలుగురం. నా పాత్ర హీలర్, పోరాటంలో దెబ్బతిన్నవాళ్లను బతికించడం నా పని. హీలర్ రాకపోతే మిగతావాళ్లంతా చస్తారు, రెండు గంటల కష్టం పోతుంది. రాత్రి 10:30కి నేను లాగిన్ అవగానే ఇరవై మంది "వచ్చాడు, వచ్చాడు" అని మెసేజ్‌లు పెట్టేవాళ్లు. మూడేళ్లుగా రూంలో కూర్చుని చదివే మనిషి కోసం, పెళ్లిళ్లకు వెళ్తే "ఇంకా ఏం రాలేదా" అని అడిగించుకునే మనిషి కోసం, ఒక చోట ఇరవై మంది ఎదురుచూస్తున్నారు. పాయింట్లు పెరగడం కళ్లకు కనిపిస్తుంది. చదువులో నిన్నటికీ ఇవాళ్టికీ నా లెవెల్ పెరిగిందా లేదా అని చెప్పేవాళ్లు ఎవరూ లేరు, చెప్పాల్సిన పరీక్షకు డేటే లేదు. మా పిన్ని కొడుక్కి ఇంటర్ పరీక్షలున్నాయి, సాయంత్రం పిలిచే స్నేహితులున్నారు. వాడు ఎందుకు ఆపగలిగాడో నాకు తెలిసింది ఇంతే.

సెప్టెంబరు, అక్టోబరు అలా పోయాయి. మెయిన్స్ జనవరి 5 అన్నారు, ఆ తర్వాత ఫిబ్రవరి 23కి మారింది. మధ్యలో ఒక మాక్ టెస్ట్ రాశాను. అద్దంకి శాసనం వేయించిన పండరంగడు ఎవరి సేనాని అని వచ్చింది, తప్పు పెట్టాను. జవాబు తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడు. క్రీ.శ. 848, తరువోజ అనే ఛందస్సులో పద్యం. ఒంగోలులో బస్సెక్కితే గంటకు అటూఇటుగా అద్దంకిలో దిగుతాం, చిన్నప్పటి నుంచి తెలిసిన పేరు, అది పోయింది. ఆటలో పద్నాలుగు మంది రాక్షసులు ఏ రోజు ఏ గంటకు వస్తారో మాత్రం నిద్రలో లేపినా చెప్పేవాడిని. మెస్‌కు ఇచ్చిన డబ్బుల్లో 3,800 రూపాయలు ఆటలో పాసులకు పెట్టాను. నాన్న రాత్రి ఫోన్ చేసి "తిన్నావా నాయనా, చదువుతున్నావా" అంటే స్పీకర్‌లో పెట్టి "చదువుతున్నా నాన్నా" అంటూ రెండు చేతులతో ఆడేవాడిని.

సంక్రాంతికి ఊరెళ్లాను. మొదటి విడత ఆకు బ్యారన్‌లో, అంటే పొగాకును పొయ్యి వేడితో ఎండబెట్టే ఇంట్లో, ఉంది. పొగాకు ఇళ్లవాళ్లకు తెలుసు, బ్యారన్ అంటించాక ఐదారు రోజులు రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండాలి. మొదట ఆకు పసుపు తిరిగేదాకా వంద డిగ్రీల ఫారెన్‌హీట్ అటూఇటుగా నిలపాలి, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ ఈనె ఎండేసరికి 160కి తీసుకుపోవాలి. తొందరపడితే ఆకు పచ్చరంగులోనే ఎండిపోతుంది, వేలంలో దాని ధర పడిపోతుంది. రెండో రాత్రి, సిగ్నల్ కోసం నేను దొడ్డి గోడ మీద కూర్చుని ఆడుతున్నాను. నాన్న ఫోన్ వెలుగు చూసి, "చలికి అక్కడ కూర్చుని చదవడం ఏంది, ఇటు రా, బ్యారన్ కాడ వెచ్చగా ఉంటది" అని పిలిచాడు. వెళ్లాను. ఆయన రెండు రాత్రులుగా సరిగ్గా పడుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఒక గంట నడుం వాలుస్తా, నువ్వు చూస్తుండు. వంద దాటి పోతుంటే లేపు" అని నులకమంచం మీద ఒరిగాడు.

ఆ రాత్రి గిల్డ్‌కు పెద్ద పోరాటం ఉంది. మధ్యలో లేచి పొయ్యిలో కట్టె సర్దాల్సి వస్తే ఆట పోతుందని, ఒకేసారి నాలుగు మొద్దులు లోపలికి తోసి కూర్చున్నాను. ఇది చదివేవాళ్లలో రైతుబిడ్డలు ఉంటే నేనేం చేశానో అర్థమై ఉంటుంది. నలభై నిమిషాల తర్వాత నాన్నే వాసనకు లేచాడు. చిన్న అద్దంలోంచి టార్చి వేసి చూస్తే 120 దాటింది. పరుగెత్తి పై కిటికీలు తీశాడు, మొద్దులు బయటకు లాగాడు, ఒక దానికి చెయ్యి కాలింది. నా ఫోన్ అప్పటికే జేబులో ఉంది. నా దగ్గరకు వచ్చి ఏమన్నాడంటే, "నిద్ర పట్టిందా నాయనా, తెల్లవార్లూ చదివి అలిసిపోయి ఉంటావు, నీకు చెప్పడం నాదే తప్పు." నేను అవునన్నాను. ఆ అవును అనడం దగ్గరే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నాలుగు రోజుల తర్వాత ఆకు దించితే కింది వరసలు పచ్చ మరకలతో వచ్చాయి. అమ్మ ఏమీ అనకుండా వాటిని వేరుచేసి పెట్టింది.

ఆ ఆకు దించిన రోజే గిల్డ్‌లో అందరికీ చెప్పాను, నేనిక రాను, వేరే హీలర్‌ను చూసుకోండి అని. చెప్పకుండా మాయమైతే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, వాళ్లు ఎదురుచూస్తుంటారు కదా అని. నా దగ్గరున్న వస్తువులన్నీ పంచేశాను. అకౌంట్ డిలీట్ పెడితే 30 రోజుల గడువు ఇచ్చింది, ఈలోపు ఒక్కసారి లాగిన్ అయినా డిలీట్ రద్దవుతుంది. పదకొండో రోజు రాత్రి మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, పాస్‌వర్డ్ కొట్టేదాకా వెళ్లాను. రూమ్‌మేట్‌ను లేపి ఫోన్ వాడి చేతిలో పెట్టాను, అప్పటిదాకా వాడికి ఈ సంగతే తెలియదు. వాడు తిట్టలేదు. మొదటి రెండు వారాలు ఊరికే కోపం, నిద్ర లేకపోవడం, చెవిలో ఆ ఆట శబ్దం వినిపించినట్టు ఉండటం, ఇవన్నీ ఉన్నాయి. 14416కి ఫోన్ చేశాను, టెలీమానస్, మానసిక ఇబ్బందుల కోసం 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్రప్రభుత్వ సర్వీసు. తెలుగులోనే మాట్లాడారు, అరగంట విన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ అని ఉంది, కరెంట్ అఫైర్స్‌లో ఆ బిట్ నేను చదివినదే. ఎప్పుడు ఎంతసేపు ఆడాలనేది మన చేతిలో లేకపోవడం, మిగతా పనులన్నింటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతున్నా ఆపకపోవడం, మామూలుగా ఏడాదిపాటు ఇలా ఉంటే డాక్టర్లు ఆ పేరు పెడతారు. నాది ఆరు నెలలే. ఏడాది అయ్యేదాకా ఆగి ఫోన్ చేయాలని ఎక్కడా లేదు.

నలభై రోజులు కూడా లేవు ఫిబ్రవరి 23కి. రాశాను. తెలిసీ తెలియని బిట్లు ఎక్కువ పెట్టాను, తప్పుకు మూడో వంతు మైనస్ ఉంది కదా, రాలేదు.

ఇప్పుడు మీలో ఎవరికైనా ఈ ఆట తగులుకుని ఉంటే, యాప్ తీసేయడంతో సరిపెట్టుకోకండి. 5:30కి మీ కోసం ఒక మనిషి ఉండేలా చూసుకోండి, ఆ గంట ఖాళీగా ఉంటే చెయ్యి అక్కడికే పోతుంది. డేట్ లేని నోటిఫికేషన్‌కు చదువుతున్నప్పుడు మీరే ఒక డేట్ పెట్టుకోండి, ప్రతి రెండో ఆదివారం ఎవరి ముందైనా కూర్చుని టెస్ట్ రాయండి, మార్కులు గోడ మీద రాయండి. నా గోడ మీద ఇప్పటికి పదిహేడు అంకెలున్నాయి, అన్నీ పెరిగినవేం కాదు. పొదిలిలో ఒక తమ్ముడు ఉన్నాడు, లైబ్రరీలో పరిచయం, వాడికీ ఇదే కథ. రోజూ 5:30కి ఒకరికొకరం ఫోన్ చేసుకుని పదిహేను నిమిషాలు పుస్తకం చూడకుండా చెప్పుకుంటాం, ఒకరు చెప్తే ఒకరు తప్పులు పట్టాలి. నేను లేవకపోతే వాడు మూడుసార్లు చేస్తాడు.

చెయ్యి కాలిన మచ్చ నాన్నకు ఇంకా ఉంది. ఆ రాత్రి నేను నిద్రపోలేదని ఆయనకు మొన్న ఉగాదికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు ఆడటం లేదు కదా" అని అడిగాడు. లేదన్నాను. "ఈసారి బ్యారన్ అంటించినప్పుడు రా అయితే, రెండో రాత్రి నువ్వే చూద్దువు" అన్నాడు.