అమ్మ చేతుల మీదుగా

మా అమ్మాయికి వచ్చే వేసవిలో బాత్ మిట్స్వా, అంటే యూదు ఆడపిల్ల ధర్మబాధ్యతలు స్వీకరించే వేడుక, జరగబోతోంది. ఆ రోజు తోరా చుట్టను, అంటే యూదుల పవిత్ర గ్రంథాన్ని, దాన్ని ఉంచే మందసం లోంచి తీసి, నానమ్మ చేతుల్లోంచి నాన్న చేతుల్లోకి, నాన్న చేతుల్లోంచి బిడ్డ చేతుల్లోకి అందించడం ఉదారవాద రిఫార్మ్ శాఖ వారి చాలా సినగాగ్‌లలో (ప్రార్థనాలయాల్లో) ఆనవాయితీ. ఆ వరుసలో ఎవరెవరు నిలబడతారో రాసి పంపమని మా మతగురువు రబ్బీగారు అడిగారు. రెండు పేర్లు రాసి పిల్లకు చూపించాను. చదివి, కాగితం నా వైపు తిప్పి, "అమ్మా, ఇందులో నీ పేరు లేదే" అంది. నేను యూదురాలిని కాను కనుక అక్కడ నిలబడడం బాగుండదని చెప్పాను. "రబ్బీగారు వద్దన్నారా?" అని అడిగింది. ఆవిడ వద్దనలేదు, ఆ నిర్ణయం నాకే వదిలేశారు. "అయితే నాకూ వద్దు. నీ చేతుల మీదుగా రాకపోతే నేను పట్టుకోను" అని లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

పెళ్ళికి ముందే మావారూ నేనూ ఒక మాట అనుకున్నాం. పుట్టే పిల్లలను యూదులుగా పెంచుతాం, నేను మాత్రం మతం మారను. సంప్రదాయ యూదు ధర్మంలో తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు; ఆర్థొడాక్స్, కన్జర్వేటివ్ శాఖల వారు నేటికీ ఆ మాట మీదే ఉన్నారు. అమెరికా రిఫార్మ్ రబ్బీలు 1983లో ఆ కట్టుబాటును సడలించి, తల్లిదండ్రుల్లో ఎవరు యూదులైనా సరే, ఆ బిడ్డ నలుగురి ఎదుట ఆ ఆచరణలు చేస్తూ, ఆ చదువు చదువుతూ పెరిగితే తమ బిడ్డేనని తీర్మానించారు. ఆ తీర్మానం లేకపోతే నా కూతురికి ఈ సంఘంలో చోటే లేదు. అందుకే దాని పట్ల నాకు ఎనలేని కృతజ్ఞత. కానీ అది నాకు కూడా ఏదైనా చెబుతోందేమోనని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పిల్లకు అయిదేళ్ళు వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం హీబ్రూ బడికి తీసుకువెళ్ళింది నేనే. తనను లోపలికి పంపి, రెండు గంటల సేపు కారులోనే కూర్చొనేదాన్ని. లోపల కాఫీ ఉంటుంది, తల్లుల కబుర్లు ఉంటాయి, రమ్మని పిలిచేవారు కూడా. నేను వెళ్ళలేదు. వెళితే నాలో ఏదో కొంత కరిగిపోతుందని భయం. మా పిట్స్‌బర్గ్‌లో 2018 అక్టోబర్ 27న, శనివారం ఉదయం ప్రార్థన వేళ, ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్ భవనంలోకి ఒకడు తుపాకీతో చొరబడి 11 మందిని చంపేశాడు. మేము వెళ్ళే సినగాగ్ అది కాదు, కానీ ఆ పరిసరాల్లో ఎవరో ఒకరిని పోగొట్టుకోని ఇల్లు లేదు. ఆ తరువాతి శుక్రవారం సాయంత్రం ఆరేళ్ళ పిల్లను గుమ్మం దగ్గర దించి రావడానికి నాకు కాళ్ళు ఆడలేదు. చేయి పట్టుకొని లోపలికి వెళ్ళాను. కూర్చోవడానికి చోటు లేక గోడకు ఆనుకొని నిలబడ్డాం. అందరూ పాడుతుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా అక్కడి నుంచి కదలాలనిపించలేదు.

ఆ తరువాత వెళుతూనే ఉన్నాను, అయితే ఎప్పుడూ చివరి వరుసే.

2020లో తెనాలిలో నాన్న పోయారు. విమానాలు ఆగిపోయిన రోజులు. తమ్ముడు తలకొరివి పెట్టడం ఫోనులో చూశాను. యూదులు సంతాపం పాటించే ఏడు రోజులూ సంఘంలోని వారెవరో మా వాకిట్లో భోజనం పెట్టి, తలుపు తట్టి, దూరంగా వెళ్ళి నిలబడేవారు. మూడో రోజు వచ్చిన రేకు పళ్ళెం మూత మీద ముసలి చేతిరాతతో "మాంసం లేదు, గుడ్డు లేదు, ఉల్లిపాయ ఉంది, తినవచ్చునా?" అని రాసి ఉంది. ఆ మూతను నేను పారేయలేకపోయాను. ఆ శుక్రవారం మరణించినవారి పేర్లతో పాటు నాన్న పేరు కూడా చదివి కద్దిష్ చెప్పారు. ఆ ప్రార్థన అరమాయిక్ భాషలో ఉంటుంది, చావు అన్న మాట అందులో ఎక్కడా రాదు, అంతా దేవుని స్తుతే. ఏటా ఆ రోజున ఆ పేరు మళ్ళీ చదువుతారు, ఇంట్లో ఇరవైనాలుగు గంటలు వెలిగే కొవ్వొత్తి పెట్టుకుంటాం. వారి పంచాంగంలోనూ చంద్రుణ్ణి బట్టే తిథులు, పందొమ్మిదేళ్ళలో ఏడు అధిక మాసాలు. తద్దినం అంటే ఏమిటో నేను వారికి వివరించి చెప్పవలసిన అవసరమే కలగలేదు.

ఇంత జరిగాక కూడా నేను మాట మీద నిలబడ్డానని చెప్పుకోలేను. ఇంట్లో ఒకే మతం నేర్పుదామని ఒప్పుకున్న నేనే, ప్రతి పుట్టినరోజుకూ పిల్లను పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకువెళ్ళి, పులిహోర కోసం వెళ్ళామని మావారితో చెప్పాను. తెలుగు బడి మానేస్తానని పిల్ల అన్నప్పుడు రెండు రోజులు తనతో మాట్లాడలేదు. అమ్మమ్మ ఉత్తరం చదవలేని పిల్లను పెంచానని ఏడ్చాను. అప్పుడు తను, "నాకు నీ అక్షరాలు రావని ఏడుస్తున్నావు, నా ఇరవైరెండు అక్షరాల్లో నీకు ఒక్కటైనా వచ్చా?" అని అడిగింది. నాకు రాదు. ఎనిమిదేళ్ళుగా ఆ పుస్తకాలు మా భోజనాల బల్ల మీదే ఉన్నాయి.

మాలాంటి దంపతులు ఎవరైనా అడిగితే, పిల్లలకు ఒక సంప్రదాయాన్ని పూర్తిగా ఇవ్వండి, రెండోదాన్ని ప్రేమగా పరిచయం చేయండి, కలగాపులగం చేయకండి అని చెప్పేదాన్ని. ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పలేను. 1885లో ఈ ఊరిలోనే రిఫార్మ్ రబ్బీలు సమావేశమై, ఆహార నియమాలూ, శుచికీ వస్త్రధారణకూ సంబంధించిన పాత విధులూ నేటి మనిషికి అక్కరలేదన్నారు. మడి, ఎంగిలి, అంటు అన్న మాటల మధ్య పెరిగిన నాకు ఆ వాక్యాలు మొదటిసారి చదివినప్పుడు గుండె తేలికపడింది. 1999లో మళ్ళీ ఇదే ఊరిలో వారి తరువాతి తరం సమావేశమై, హీబ్రూ నేర్చుకోండి, వదిలేసిన ఆచరణలను మళ్ళీ ఒకసారి పరిశీలించండి అని చెప్పింది. అంత పెద్ద సంఘానికే వదిలిన దాని దగ్గరకు తిరిగి రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. నేను ఒక్క పిల్లను పెంచుతూ అంతా తేల్చేసుకున్నాననుకోవడం తొందరపాటే.

ఆ రాత్రి పిల్ల మళ్ళీ నా దగ్గరకు వచ్చి కూర్చుంది. 1922లో న్యూయార్క్‌లో జూడిత్ కాప్లన్ అనే అమ్మాయికి అమెరికాలో మొదటి బాత్ మిట్స్వా చేసినప్పుడు, ఆమెను తోరా చుట్ట దగ్గరకు రానివ్వక, కాస్త ఎడంగా నిలబెట్టి అచ్చు పుస్తకంలోంచి చదివించారని బడిలో చెప్పారట. "ఆమెను వాళ్ళు దూరంగా నిలబెట్టారు, నువ్వు నీ అంతట నువ్వే నిలబడుతున్నావు" అంది. తరువాత, "అమ్మా, నేను యూదును అయింది పుట్టుక వల్ల మాత్రమే కాదు, చేసిన పనుల వల్ల కూడా అని నువ్వే కదా చెప్పావు. శుక్రవారం హల్లా రొట్టె పిండి కలిపేది నువ్వు, నన్ను బడికి తీసుకువెళ్ళేది నువ్వు. నేను చేసినవి లెక్కకు వస్తే నువ్వు చేసినవి ఎందుకు రావు?" అని అడిగింది. అవి నన్ను యూదును చేయవని చెప్పాను. "చేయాలని నేను అడగలేదు, అందించమని అడిగాను" అంది.

మర్నాడు అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మా గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వారమని చెప్పుకొనే తెలుగు కుటుంబాల సినగాగ్ ఒకటి ఉంది. ఆ వైపు ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో లెక్కలేదు, పెళ్ళయ్యేదాకా నాకు ఆ సంగతే తెలియదు. అమ్మకు తెలుసు. "మన చేబ్రోలు పక్కన వాళ్ళు చేసుకునేదేగా" అని, నేను అడగకుండానే తన పేరు కూడా ఆ వరుసలో రాయమంది. తరువాత ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు. తడిబట్ట కట్టుకోవాలా? అవి తాళపత్రాలా? ఎంత బరువుంటుంది? తోలు మీద చేత్తో రాసినదని, 3,04,805 అక్షరాలని, పది కిలోలైనా ఉంటుందని, కింద పడితే చూసినవారు ఉపవాసం ఉండే ఆచారం ఉందని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "నా చేతులు వణుకుతాయే" అంది.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ రోజూ పొద్దున్నే పది కిలోల బియ్యం సంచీని గుండెకు హత్తుకొని, వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా నడుస్తోందట, ఎందుకని అడిగితే చెప్పడం లేదట. రబ్బీగారికి పంపవలసిన కాగితంలో పిల్ల తన చేత్తో అమ్మమ్మ పేరు చేర్చింది. అమ్మమ్మకూ నాన్నకూ మధ్య ఒక గీత ఖాళీగా వదిలింది. నేను ఇంకా పూరించలేదు.